వాల్‌ఐ చేప కొరికినా తెలియట్లేదు, రాడ్ మార్చాలా అన్నా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను మిన్నియాపోలిస్ పక్కన ఉంటా, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు చెరువులో వెదురు కర్రకి గాలం కట్టి కొర్రమీను, జెల్ల పట్టినవాణ్ణే. మొన్న జూన్‌లో ఆఫీసు ఫ్రెండ్ తన బోటు మీద మిల్ లాక్స్ చెరువుకి తీసుకెళ్లాడు. అందరం జిగ్గులే (సీసం తల ఉన్న కొక్కేలు) వేశాం, వాళ్ళకి వాల్‌ఐ పడుతూనే ఉన్నాయి, నాకేమో కొరికినట్టే తెలియలేదు, పైకి లాగి చూస్తే ఎర సగం తినేసి ఉండేది. నా దగ్గరున్నది 7 అడుగుల మీడియం హెవీ రాడ్, బాస్ చేపల కోసమని సేల్‌లో తీసుకున్నా, రీల్ మీద 12 పౌండ్ల మోనో (నైలాన్ దారం) ఉంది. ఫ్రెండ్ 300 డాలర్ల రాడ్ అయితే గానీ కుదరదంటున్నాడు, మా ఆవిడ ఉన్న రాడ్ ఏమైందని అడుగుతోంది. 150 లోపల, ఒక్క రాడ్‌తో అయిపోయేది చెప్పు. ఒడ్డు నుంచి కూడా వేసుకోవాలి. పవర్, యాక్షన్ అంటే రెండూ ఒకటేనా? బెయిట్‌కాస్టర్ రీల్ తీసుకోమంటావా? చలికాలం ఐస్ మీద కూడా అదే పనికొస్తుందా?

జవాబు: తమ్ముడూ, ముందు తీర్పు చెప్పేస్తా, వాదన తర్వాత. 6 అడుగుల 6 అంగుళాలు, దానికి రెండు మూడు అంగుళాలు అటూఇటూ అయినా ఫర్లేదు, మీడియం లైట్ పవర్, ఎక్స్‌ట్రా ఫాస్ట్ యాక్షన్, గ్రాఫైట్ స్పిన్నింగ్ రాడ్, అంతే. 300 అక్కర్లేదు, నువ్వు చెప్పిన 150 లోపలే మంచిది దొరుకుతుంది. కాకపోతే షాపుకెళ్లే ముందు ఆ 12 పౌండ్ల మోనో తీసి పక్కన పడెయ్, ఎందుకంటే నీ కష్టంలో సగం దాని వల్లే, రాడ్ వల్ల మిగతా సగం. లైన్ మార్చకుండా 300 పెట్టి రాడ్ కొన్నా నీకు ఇదే ఉత్తరం మళ్ళీ రాయాల్సొస్తుంది.

నువ్వు చిన్నప్పుడు కొర్రమీను పట్టినవాడివి కాబట్టి నీకు అలవాటైన కొరుకుడు వేరు. అది ఎరని చూసిందంటే మీద పడి లాక్కుపోతుంది, కర్ర చేతిలోంచి జారినంత పని అవుతుంది, తెలియకపోవడమనే ప్రశ్నే రాదు. వాల్‌ఐ అలా కాదు. ముఖ్యంగా నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు అది జిగ్ వెనకాలే వచ్చి, నోరు ఒక్కసారి తెరిచి నీళ్ళతో పాటు ఎరని లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అదే స్పీడులో ఊసేస్తుంది. ఈ మొత్తం భాగోతంలో నీ చేతికొచ్చేది ఒక్క చిన్న టిక్, లేదంటే అది కూడా ఉండదు, జిగ్ ఎత్తబోతే కాస్త బరువుగా, నాచులో ఇరుక్కున్నట్టు మెత్తగా అనిపిస్తుంది. ఇంకోసారి అసలు బరువే పోతుంది, జిగ్ కిందకి దిగుతూ దిగుతూ మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది, అంటే చేప దాన్ని నోట్లో పెట్టుకుని పైకి వస్తోందన్నమాట. ఈ మూడింటినీ చేతికి అందించడమే జిగ్గింగ్ రాడ్ చేసే ఉద్యోగం, మిగతావన్నీ అలంకారాలు.

ఇప్పుడు పవర్, యాక్షన్ సంగతి. రెండూ ఒకటి కాదు, షాపుల్లో ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే. రాడ్‌ని వంచాలంటే ఎంత బలం కావాలో అది పవర్: లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ అని పోతుంది. వంగేటప్పుడు ఎక్కడ వంగుతుందో అది యాక్షన్: ఎక్స్‌ట్రా ఫాస్ట్ అంటే చివర కొస మాత్రమే వంగి కింద అంతా బిగుసుకుని ఉంటుంది, ఫాస్ట్ అంటే పై మూడోవంతు దాకా వంగుతుంది, మోడరేట్ అంటే సగం దాకా విల్లులా వంగుతుంది. అంటే మీడియం లైట్‌లో ఎక్స్‌ట్రా ఫాస్ట్ ఉండొచ్చు, మీడియం హెవీలో మోడరేట్ ఉండొచ్చు, రెండు వేరు వేరు కొలతలు. వాల్‌ఐ జిగ్గింగ్‌కి కొస మెత్తగా ఉండాలి, నడుము గట్టిగా ఉండాలి. కొస మెత్తగా ఎందుకంటే చేప ఎరని పీల్చేటప్పుడు జిగ్ కాస్త కదిలి నోట్లోకి వెళ్ళాలి కదా, నీ మీడియం హెవీ కొస ఇనప చువ్వలాగా జిగ్‌ని అక్కడే పట్టుకుని ఉంచుతుంది, చేప మిన్నో (ఎరగా గుచ్చే చిన్న చేప) తోక లాగి వెళ్ళిపోతుంది, నువ్వు చెప్పిన సగం తిన్న ఎర అదే. నడుము గట్టిగా ఎందుకంటే టిక్ అనగానే మణికట్టుతో పైకి ఎత్తితే ఆ బలం వంపులో కలిసిపోకుండా నేరుగా కొక్కేనికి చేరాలి, వాల్‌ఐ నోరు లోపల గట్టిగానే ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది మెత్తటి కొసకి, అది చాలా మంది చెప్పరు. వాల్‌ఐ కంట్లో రెటీనా వెనకాల అద్దంలాంటి పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే, అందుకే చీకట్లో లైటు వేస్తే కళ్ళు మెరుస్తాయి, అందుకే దానికి మసక వెలుతురంటే ఇష్టం, పొద్దున్నే, సాయంత్రం, మబ్బు రోజు, గాలికి అలలు లేచి ఎండ లోపలికి సరిగా దిగని రోజు బాగా తింటుంది. ఇక్కడోళ్ళు ఆ అలలకి వాల్‌ఐ చాప్ అనే పేరు పెట్టుకున్నారు. అంటే చేపలు తినే రోజే నీ బోటు ఎగిరెగిరి పడే రోజు. బోటు ఎగిరినప్పుడల్లా గట్టి రాడ్ జిగ్‌ని కూడా అడుగు నుంచి ఎగరేస్తుంది, మెత్తటి కొస ఆ ఊపుని తను మింగేసి జిగ్‌ని ఉన్న చోటే ఉంచుతుంది. మిల్ లాక్స్ లాంటి చోట ఇది మరీ అవసరం, 1,32,000 ఎకరాల పైచిలుకు నీళ్ళు, ఎంత లోతన్నా 42 అడుగులు దాటదు, పళ్ళెంలాంటి చెరువు కాబట్టి కాస్త గాలి వీచినా అలలు లేస్తాయి.

సరే, ఏ పవర్ అనేది చేపని చూసి కాదు, జిగ్ బరువుని చూసి తేల్చుకోవాలి. ఇది ఒక్కటి తలకెక్కితే మిగతాదంతా నీకే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు 28 అంగుళాల వాల్‌ఐ పడితే విరిగిపోదా అని గట్టి రాడ్ కొంటారు, అలాంటి చేప పడితే రీల్‌లో డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే లైన్ వదిలే బ్రేకు, పనిచేస్తుంది, లైన్ పోతూ ఉంటుంది, మెత్తటి రాడ్డే దాన్ని అలసిపోయేలా చేస్తుంది, దానికోసం మీడియం హెవీ పట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. రాడ్ రోజంతా మొయ్యాల్సింది చేపని కాదు, జిగ్‌ని. హ్యాండిల్‌కి కాస్త పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడు, లైన్ 4 నుంచి 8 పౌండ్లు, లూర్ 1/16 నుంచి 5/16 ఔన్స్, ఇలా. కంపెనీ కంపెనీకీ అంకెలు కాస్త మారతాయి, ఒకడి మీడియం లైట్ ఇంకొకడి మీడియం అంత గట్టిగా కూడా ఉంటుంది కాబట్టి పేరు కన్నా ఆ ఔన్సుల అంకె నమ్ము. నువ్వు ఎక్కువగా వేసే జిగ్ ఆ రెండు అంకెలకి మధ్యలో పడాలి. అంచుల దగ్గర పడితే వేసేటప్పుడు రాడ్ సరిగా వంగదు, లేదా మరీ కూలబడిపోతుంది.

మరి నువ్వు ఏ జిగ్ వేస్తావు? లెక్కకి 10 అడుగుల లోతుకి 1/8 ఔన్స్ అనుకో, 20 అడుగులకి 1/4. గాలి ఉంటే ఒక మెట్టు పైకి, గాలి లేక నీళ్ళు నిలకడగా ఉంటే ఒక మెట్టు కిందకి. అడుగు తగిలినట్టు తెలుస్తూ ఉండగలిగినంత తేలిక జిగ్ వెయ్యాలి, తేలికదైతే మెల్లగా దిగుతుంది, మెల్లగా దిగేదాన్నే వాల్‌ఐ ఎక్కువగా పట్టుకుంటుంది. మే నెల మధ్యలో సీజన్ మొదలయ్యే టైముకి చేపలు ఇంకా లోతు తక్కువ చోటే ఉంటాయి, 6 నుంచి 12 అడుగుల్లో 1/8 జిగ్‌కి షైనర్ మిన్నో గుచ్చి వేస్తారు. ఎండలు ముదిరాక లీచ్ (జలగ), వానపాము, లోతు 20, 25. ఇదంతా కలిపితే నీ జిగ్గులు 1/8, 3/16, 1/4 మధ్యే తిరుగుతాయి, అందుకే మీడియం లైట్ అన్నాను.

మీడియం ఎప్పుడు కావాలంటే మూడు చోట్ల. ఒకటి నీ ఫ్రెండ్స్ ఎండాకాలం మధ్యలో జిగ్గింగ్ రాప్ లాంటివి వేస్తారు, రాపాలా వాళ్ళది, చిన్న చేప ఆకారంలో తోక దగ్గర ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, దాన్ని మెల్లగా ఎత్తడం కాదు, ఠక్కున పైకి గుంజి కింద పడనివ్వాలి, ఆ గుంజుడుకి మీడియం లైట్ కొస వంగిపోయి రాప్ కదలదు. అప్పుడు 6 అడుగుల 8 అంగుళాలు నుంచి 7 అడుగుల మీడియం ఫాస్ట్ బాగుంటుంది. రెండు, ప్రవాహం గట్టిగా ఉన్న నది. డెట్రాయిట్ నదిలో ఏప్రిల్‌లో వాల్‌ఐ ఎదురెక్కేటప్పుడు బోటుని ప్రవాహంతో పాటు వదిలేసి నిలువుగా జిగ్ వేస్తారు, అక్కడ 1/2, 5/8, 3/4 ఔన్స్ జిగ్గులు, నీ మీడియం లైట్ ఆ బరువుకే వంగి కూర్చుంటుంది. అక్కడ 6 అడుగులు, ఒక్కోసారి అంతకన్నా పొట్టి రాడ్ వాడతారు, ఎందుకంటే బోటు పక్కనే నిలువుగా దింపడం కదా, దూరం విసిరే పని లేదు. మూడు, బ్లేడ్ బెయిట్లు, బరువుగా గడగడ కొట్టుకునేవి. నువ్వు మిన్నెసోటా చెరువుల్లో వేసేవాడివి, నీకు మీడియం రెండో రాడ్. మొదటిది కాదు. ఇంట్లో ఎలాగూ రెండోదానికి ఒప్పుకోరు అనుకుంటున్నావేమో, ఓ రెండు సార్లు మంచి వేపుడు చేసి పెట్టు, దారికొస్తుంది.

పొడవు విషయంలో ఎక్కువ ఆలోచించకు. బోటు మీద నిలువుగా మాత్రమే వేసేవాళ్ళు 6 అడుగుల 3 అంగుళాలు బావుందంటారు, తేలిగ్గా ఉంటుంది, కొస చేతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి టిక్ బాగా తెలుస్తుంది. ఒడ్డు నుంచి విసరాలంటే 6-8 (అంటే 6 అడుగుల 8 అంగుళాలు), 7 అడుగులు బావుంటాయి, దూరం పోతుంది, కొక్కెం వేసేటప్పుడు ఎక్కువ లైన్ లాగుతుంది. నువ్వు రెండూ అడిగావు, అందుకే మధ్యలో 6-6, 6-8 అని చెప్పాను. పైగా 6-8 దొరికితే లీచ్ కట్టి బెండు వేసుకోడానికి కూడా నడుస్తుంది, మిల్ లాక్స్ రాళ్ళ దిబ్బల మీద జూన్‌లో చాలా మంది చేసేది అదే, జారే బెండు కట్టి కింద ఒక్క లీచ్, నీ చిన్నప్పటి చెరువు పద్ధతికి దగ్గరి చుట్టం. ఒకే ముక్క రాడ్డా రెండు ముక్కలదా అంటే కారుని బట్టి చూసుకో, సెడాన్‌లో 6-6 ఒకే ముక్క ముందు సీటు పక్క నుంచి వెనక అద్దం దాకా ఐమూలగా పడుతుంది, పిల్లల కార్ సీటు ఉంటే మాత్రం కష్టం. ఇప్పటి రెండు ముక్కల రాడ్లు అతుకు దగ్గర బాగానే చేస్తున్నారు, చేతికి పెద్ద తేడా తెలియదు. అతుకు మాత్రం కొద్దిగా తిప్పుతూ బిగించు, ఆటలో మధ్యమధ్యలో ఓసారి చూసుకో, వదులైతే అక్కడే చీలుతుంది.

ఇప్పుడు లైన్. నైలాన్ మోనో సాగుతుంది, 12 పౌండ్లదైతే లావు కూడా, ఆ లావు వల్ల నీళ్ళలో గాలికి విల్లులా వంగుతుంది, 1/8 జిగ్‌ని అడుగుకి పోనివ్వదు. చేప పీల్చిన ఆ చిన్న టిక్ 20 అడుగుల సాగే దారంలో పైకి వచ్చేసరికి నీ చేతికి మిగిలేది ఏమీ ఉండదు. 8 లేదా 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) ఎక్కించు, మందంలో 2 నుంచి 4 పౌండ్ల మోనో అంతే ఉంటుంది, అసలు సాగదు. రంగు మాత్రం పచ్చగా, మెరిసే పసుపో ఆకుపచ్చో తీసుకో, కంటికి కనబడాలి, ఎందుకంటే చాలా కొరుకుళ్ళు చేతికి తెలిసేలోపే లైన్ ఉలిక్కిపడటంలో కంటికి కనబడతాయి. దాని చివర 6 నుంచి 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ మూడు నాలుగు అడుగులు లీడర్‌గా, అంటే జిగ్ వైపు చివరి ముక్కగా కట్టు, డబుల్ యూని ముడితో, బిగించే ముందు కాస్త ఉమ్మి తడి చెయ్, పొడిగా బిగిస్తే ఫ్లోరో వేడెక్కి బలం తగ్గుతుంది. స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే చక్రం) మీద బ్రెయిడ్ నేరుగా కడితే మొత్తం గుండ్రంగా జారిపోతుంది, కింద కొంచెం మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ ఎక్కించు, నీ పాత మోనో అలా పనికొస్తుందిలే. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ కలిపి రాడ్ ధరలో చిన్న వంతు కూడా కాదు, రాడ్ కొనడానికి ఇంకో నెల ఆగినా ఇది మాత్రం ఈ వారాంతమే చేసెయ్, పాత రాడ్‌తోనే తేడా తెలుస్తుంది.

బెయిట్‌కాస్టర్ వద్దు. 1/8 ఔన్స్ జిగ్‌ని అది విసరలేదు, స్పూల్ తిరగాలంటే బరువు కావాలి, నువ్వు చెరువు మధ్యలో పక్షి గూళ్ళలా చిక్కుపడ్డ లైన్ విప్పుకుంటూ కూర్చుంటావు. స్పిన్నింగ్ రీల్, సైజు 2000 లేదా 2500, అంతకన్నా పెద్దది వద్దు. డ్రాగ్ మెత్తగా, ఆగి ఆగి కాకుండా ఒకే ధారగా వదలాలి, షాపులో చేత్తో లైన్ లాగి చూడు. నీ పాత రాడ్‌కి ఉన్న రీల్ 3000 లోపలిదైతే, డ్రాగ్ బాగుంటే, దాన్నే పెట్టుకో, డబ్బంతా రాడ్ మీద పెట్టు. జిగ్గింగ్‌లో రాడ్‌కి రీల్ కన్నా ఎక్కువ పెట్టడమే న్యాయం, ట్రోలింగ్ (బోటు నడుపుతూ ఎర లాగడం) అయితే మాట వేరు.

షాపుకి వెళ్ళేటప్పుడు ఆ రీల్ జేబులో వేసుకుని వెళ్ళు, సిగ్గుపడకు, ఎవరూ ఏమీ అనరు. రాడ్‌కి రీల్ బిగించి, రీల్ కాడ రెండు వేళ్ళు ముందు రెండు వెనక వచ్చేలా పట్టుకో. ఇప్పుడు రీల్ ముందు భాగంలో హ్యాండిల్ కింద ఒక్క వేలు పెట్టి నిలబెట్టు. కొస కిందకి వాలిపోతే ఆ రాడ్ కొస బరువుది, సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడుతుంది, నొప్పి పుట్టిన చేతికి టిక్కులు తెలియవు. అడ్డంగా నిలబడితే సరే. తర్వాత కొసని దుకాణం సీలింగుకో గోడకో కొట్టకు, అలా చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఇంకొకడు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన సరుకది. పక్కన ఎవరైనా ఉంటే కొస పట్టుకోమని నువ్వు మెల్లగా ఎత్తు, మొదట పై కొస వంగి, ఎత్తిన కొద్దీ ఠక్కున ఆగిపోయినట్టు నడుము తగలాలి. ఆ తర్వాత చేతిలో కాస్త వణికించి చూడు, వణుకు వెంటనే ఆగాలి, లబలబలాడుతూ ఉంటే టిక్‌కీ ఊపుకీ తేడా తెలియదు. గైడ్లు, అంటే లైన్ పోయే రింగులు, ఒక్కొక్కటీ లోపల దూది పుల్ల తిప్పి చూడు, దూది పీచు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ రింగు చిట్లింది, సేల్‌లో పెట్టిన రాడ్లకి ఇది మామూలే, బ్రెయిడ్‌ని అది కోసేస్తుంది. కార్క్ హ్యాండిలా ఫోమ్ హ్యాండిలా అనేది నీ ఇష్టం, నేను కార్కే అంటా, చలికి చేతికి చల్లగా తగలదు. రీల్ సీటులో రాడ్ కాడ వేలికి నేరుగా తగిలేలా ఖాళీ వదిలినవి ఉంటాయి, దొరికితే అవే తీసుకో, చూపుడు వేలు అక్కడ ఆనించి ఉంచితే అడుగున గులకరాయికీ బురదకీ తేడా చెప్పగలవు.

ఇక బ్రాండ్ల సంగతి అడగలేదు గానీ తర్వాత అడుగుతావు. సెయింట్ క్రాయ్ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో పార్క్ ఫాల్స్ అనే ఊరి కంపెనీ, 1948 నుంచి ఉంది, వాళ్ళది ఐకాన్ అని వాల్‌ఐ కోసమే ఒక సిరీస్ ఉంది, నీ బడ్జెట్ దరిదాపుల్లో పడుతుంది. ఇదే కంపెనీలో అంతకు రెండింతలు, మూడింతలు ధరవి కూడా ఉన్నాయి, అవి తేలిక, ఇంకా సున్నితం, అది నిజమే, నీ ఫ్రెండ్ అబద్ధం చెప్పట్లేదు. కానీ నీ మీడియం హెవీ నుంచి 130 డాలర్ల మీడియం లైట్‌కి వస్తే కనబడే తేడా, ఆ 130 నుంచి 300కి పోతే కనబడదు. ఫెన్విక్ కూడా చూడు, 1973లో గ్రాఫైట్ రాడ్లని మొదట జనంలోకి తెచ్చింది వాళ్ళే, వాళ్ళకీ వాల్‌ఐ రాడ్లున్నాయి. అగ్లీ స్టిక్ గురించి చాలా మంది చెప్తారు, 1976 నుంచి వస్తోంది, గ్రాఫైట్, ఫైబర్‌గ్లాస్ కలిపి చేస్తారు, ట్రక్కు ఎక్కినా విరగదని పేరు, పిల్లలకి కొనాలంటే నేను అదే కొంటా, కానీ గ్లాస్ కలిసిన చోట బరువు పెరుగుతుంది, టిక్ మందగిస్తుంది, నీ జబ్బుకి ఆ మందు కాదు. దానికి పెట్టే 50 డాలర్లు దాచుకుని ఇంకాస్త కలిపి పూర్తి గ్రాఫైట్‌ది తీసుకో. ఇంకా మెత్తటి మోడరేట్ ఫైబర్‌గ్లాస్ రాడ్లు ట్రోలింగ్‌కి, లేక్ ఈరీలో బోటు నడుపుతూ లాగేవాళ్ళకి, పక్కనే వేలాడుతుంటాయి, వాటి మీద కూడా వాల్‌ఐ అనే రాసి ఉంటుంది, తొందరలో అది పట్టుకొచ్చేవు.

గ్రాఫైట్ సున్నితం, అంటే కాస్త మర్యాదగా చూసుకోవాలి. చేప మీద విరిగిన రాడ్ల కన్నా కారు డోర్లలో, ఇంట్లో ఫ్యాన్ రెక్కలకి విరిగినవే ఎక్కువ. చేప బోటు పక్కకి వచ్చాక రాడ్‌ని నిట్టనిలువుగా తల వెనక్కి ఎత్తకు, కొస ఒక్కటే భారం మోసి టప్పుమంటుంది, వల పెట్టు. ప్రయాణంలో జిగ్‌ని గైడ్ రింగుకి తగిలించకు, హ్యాండిల్ పైన చిన్న కొక్కెం ఇస్తారు దానికే తగిలించు, లేకపోతే ఆ సీసం ముద్ద దారంతా రాడ్‌కి తగిలి గాటు పడుతుంది, అప్పుడేం కాదు, ఏదో ఒక రోజు మంచి చేప మీద అక్కడే విరుగుతుంది, కంపెనీని తిట్టుకుంటావు.

రాడ్ వచ్చాక చేతి పని గురించి రెండు ముక్కలు. జిగ్ అడుగు తాకాక ఒక జానెడు, ఎక్కువంటే అడుగు ఎత్తు లేపు, దింపేటప్పుడు రాడ్ కొసని జిగ్‌తో పాటే కిందకి తీసుకురా, లైన్ మరీ బిగువుగా వద్దు, మరీ వేలాడకుండా ఉండాలి. కొరికేది ఎక్కువగా ఆ దిగేటప్పుడే. కొత్తవాళ్ళు ఎత్తడం మీద ధ్యాస పెట్టి దింపడాన్ని వదిలేస్తారు, జిగ్ దబ్బున పడుతుంది, లైన్ వదులుగా తేలుతుంది, ఆ రెండు సెకన్లలో చేప వచ్చి ఊసి వెళ్ళినా ఎవరికీ తెలియదు. మిన్నో గుచ్చేటప్పుడు నోట్లోంచి దూర్చి తల వెనకాల బయటికి తియ్, ఎర జిగ్‌కి ఆనుకుని ఉంటే తోక పట్టుకుని లాగినా ఊడదు. చేప పడ్డాక బాస్‌ని పట్టినట్టు కింది పెదవిలో బొటనవేలు పెట్టకు, వాల్‌ఐకి కోరల్లాంటి పళ్ళుంటాయి, మొప్ప అంచు కూడా కోసేస్తుంది, వెనక వీపు మీద నుంచి పట్టుకో, పైన ముళ్ళు పడుకునేలా చేతిని తల వైపు నుంచి వెనక్కి జార్చు.

ఒడ్డు నుంచి అన్నావు కదా, నీకు దగ్గర్లో మిసిసిపీ ఉంది, ఫోర్డ్ డ్యామ్ కింది నుంచి హేస్టింగ్స్ దాకా ఉన్న భాగాన్ని పూల్ 2 అంటారు, వాల్‌ఐ బాగానే ఉంటాయి, అక్కడ పట్టినవి వదిలెయ్యాల్సిందే, ఇంటికి తేవడం లేదు. చెయ్యి తిరగడానికి అంతకన్నా మంచి బడి లేదు. ప్రవాహం ఉన్న చోట 1/4 వెయ్యి, పక్కన నీళ్ళు తిరగబడి మెల్లగా కదిలే చోటు చూసి ఆ గీత మీద జిగ్ పడేలా విసురు. మిల్ లాక్స్‌కి మళ్ళీ వెళ్ళేటప్పుడు డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైటులో ఆ చెరువు పేరుతో రూల్ చదువుకుని వెళ్ళు, రాష్ట్రమంతటికీ ఉన్న రూల్ దానికి వర్తించదు, ఎన్ని ఉంచుకోవచ్చు ఎంత సైజు అనేది ఏడాదికేడాది మారుస్తారు, ఫ్రెండ్ చెప్పాడని ఉంచేసుకోకు, ఫైన్ కట్టేది నువ్వు. లైసెన్స్ ఎలాగూ తీసుకునే ఉంటావు. ఇక్కడ ఐస్ లేని రోజుల్లో మామూలుగా మనిషికి ఒక్క లైనే అనుమతి, ఒక చేతిలో జిగ్, పక్కన ఇంకోటి బెండు అని పెట్టుకోడం కుదరదు.

వేపుడు అన్నాను కాబట్టి అది కూడా: వాల్‌ఐ తెల్లటి కండ, నీచు వాసన తక్కువ, చర్మం తీసిన ఫిల్లెట్‌ని పులుసులో మొదటే వేస్తే గరిటె తగిలి ముక్కలైపోతుంది. పులుసు మరిగి దగ్గర పడ్డాక వేసి, గిన్నె పట్టుకుని తిప్పాలే గానీ కలపకూడదు. నన్నడిగితే కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించడమే. ఇంట్లో చిన్నపిల్లలున్నా కడుపుతో ఉన్నవాళ్ళున్నా పెద్ద వాల్‌ఐ పెట్టకు, చేప పెరిగిన కొద్దీ పాదరసం పెరుగుతుంది, 15, 16 అంగుళాలవి రుచిలోనూ మేలు. ఎన్నాళ్ళకోసారి తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒక్కో చెరువుకీ పట్టిక ఇస్తుంది.

ఐస్ మీద ఈ రాడ్ పనికిరాదు. కన్నం పక్కనే కూర్చుని వేసే ఆట అది, అక్కడ రాడ్డు రెండు మూడు అడుగులకి మించదు, 28 నుంచి 32 అంగుళాల మీడియం లైట్ లేదా మీడియం ఐస్ రాడ్ 30, 40 డాలర్లలో బాగానే వస్తుంది. డిసెంబర్ దాకా ఆగి తీసుకో, ఇప్పుడు ఆ మాట ఇంట్లో ఎత్తకు.